ఏడో నెల ముద్ద, ఎదురుగా ఖాళీ కుర్చీ

పరాయి దేశానికి వచ్చి ఏడాది కూడా నిండని ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాపకు ఏడో నెల. చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పుకుంటోంది, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేస్తోంది, పాలు మాత్రం ఎన్నిసార్లు ఇచ్చినా తాగుతోంది. భర్త ఉదయం వెళితే రాత్రికి గాని ఇంటికి రాడు, దగ్గర కూర్చుని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, ముందు ముందు పాలు ఎలా మాన్పించాలో కూడా తెలియదు. ఆమె అడిగినదంతా తిండి గురించే అయినా, దగ్గర కూర్చుని చెప్పేవాళ్ళు లేరన్న ఆ ఒక్క మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. కాబట్టి జవాబు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

నియమాలు మీ డాక్టరు ఇచ్చే కాగితాల్లో ఉంటాయి, చదువుకున్నవారు కనుక చూసుకోగలరు. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తరువాత ఇతర ఆహారం మొదలుపెట్టి రెండేళ్ళ వరకు, వీలైతే ఆపైన కూడా, తల్లిపాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడాది నిండక ముందు తేనె నాకించకూడదు, ఎందుకంటే అందులో ఉండే అవకాశమున్న సూక్ష్మక్రిముల బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బును తెస్తాయి. ఆ వయసు వరకు ఆవుపాలను ప్రధానమైన పాలుగా ఇవ్వకూడదు, ఉప్పూ చక్కెరా కలపనక్కరలేదు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. పక్కన మనిషి లేని ఇంట్లో ఇవే నియమాలు ఎలా తలకిందులవుతాయో మాత్రం అలాంటి ఇంట్లోనే పిల్లవాడిని పెంచిన నాలాంటి వాళ్ళే చెప్పాలి.

మా పెద్దవాడు 2006లో పుట్టాడు. ఐదో నెలలో వాడు రాత్రుళ్ళు తరచుగా లేస్తుంటే, పాలు చాలడం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని గిన్నె, చెంచా బయటికి తీశాను. ఇంట్లో ఒక పెద్ద దిక్కు ఉండి ఉంటే, ఆ వయసులో పిల్లలు లేస్తూనే ఉంటారని ఒక్క మాటలో తేల్చేసేవారు. నడుము నిలవని పిల్లవాడిని ఒళ్ళో ఏటవాలుగా పడుకోబెట్టుకుని నేను పెట్టిన ప్రతి చెంచానూ వాడు నాలుకతో బయటికి తోసేశాడు, దాన్ని నేను మొండితనం అనుకున్నాను. ఇంకా మింగడం నేర్వని నాలుక తనంతట తాను చేసే పని అది, సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య క్రమంగా తగ్గిపోతుంది. మీ పాప ఏడో నెలలో ఉంది కనుక, ఆసరా ఇస్తే కూర్చుంటోందా, తల నిలుపుతోందా, మీ కంచం వైపు చెయ్యి చాస్తోందా అన్నది చూడండి. ఇవి ఉంటే తొందరపడకుండా ప్రయత్నం కొనసాగించండి. ఒక కొత్త రుచి పిల్లలకు నచ్చడానికి ఎనిమిది, పదిసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసార్లు పడుతుంది. మూడోసారికే ‘మా పాపకు ఇది పడదు’ అని ప్రకటించేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో బిడ్డకు ఆహారం ద్వారా అందవలసినది రోజుకు సుమారు 200 కేలరీలే, మిగిలినవి పాలనుంచే వస్తాయి. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది దాదాపు 240 మిల్లీలీటర్లు. ఈ లెక్క నాకు ఆనాడు తెలిసి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు. సాయంత్రం ఫోన్‌లో మా అమ్మ ‘ఎంత తిన్నాడు?’ అని అడిగేది. నాలుగు చెంచాలు తిన్నవాడిని పది తిన్నాడని చెప్పేదాన్ని. మరునాడు ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి వాడి వెనక గంటసేపు గిన్నె పట్టుకుని తిరిగేదాన్ని, టీవీ పెట్టి, వాడు నోరు తెరిచిన క్షణంలో చెంచా దూర్చేదాన్ని. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది తల్లి పని, ఎంత తినాలి అన్నది బిడ్డ పని అని ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చేసిన విభజన నేను చాలా ఆలస్యంగా చదివాను. నేను రెండు పనులూ నా నెత్తినే వేసుకున్నాను, ఆ ఇంట్లో నాకు రోజంతా అదొక్కటే పని కనుక.

నా తప్పులన్నిటిలోకీ పెద్దది భయం వల్ల జరిగింది. ఏడో నెలలో ఒకనాడు మెదిపిన కారెట్‌లో చిన్న పలుకు తగిలి వాడికి ఓకరింపు వచ్చింది. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాలుక బయటికి వచ్చింది, పలుకు ఊసేశాడు. అంతా కలిసి అర నిమిషం కూడా పట్టలేదు. పక్కన ఎవరైనా ఉంటే నవ్వేసి మూతి తుడిచి ఉండేవారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి, గొంతులో అడ్డుపడి ఉంటే తలుపు తట్టడానికైనా ఎవరున్నారు అన్న ఆలోచన నన్ను నెలల తరబడి వదలలేదు. ఆ రోజు నుంచి పదకొండో నెల వరకు వాడికి నీళ్ళలా జారే గుజ్జు తప్ప మరేదీ పెట్టలేదు. తొమ్మిదో నెల దాటాక గాని పలుకు రుచి చూడని పిల్లలు తరువాతి ఏళ్ళలో తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టే అవకాశముందని ఇంగ్లండులో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. ఆ సంగతి మాకు అనుభవంలోకి వచ్చింది, మూడేళ్ళు వచ్చినా వాడు ముద్దను బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు.

ఓకరింపులో చప్పుడు ఉంటుంది, దగ్గు ఉంటుంది, బిడ్డ తనను తానే కాపాడుకుంటోందని దాని అర్థం. గొంతుకు నిజంగా అడ్డుపడితే దగ్గలేదు, ఏడవలేదు, రంగు మారుతుంది. ఆ తేడా తెలుసుకోవడానికీ, అటువంటప్పుడు ఏం చేయాలో చేతులతో నేర్చుకోవడానికీ ప్రథమ చికిత్స తరగతికి ఒక పూట వెళ్ళండి. ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇది మిగతావాళ్ళ కంటే ఎక్కువ అవసరం. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి, తినేటప్పుడు వదిలి పక్కకు వెళ్ళకండి. ద్రాక్షను నిలువుగా చీల్చి ఇవ్వండి, బాదం, జీడిపప్పు లాంటి గింజపప్పులను గింజలుగానే ఇవ్వకండి. ఈ జాగ్రత్తలు ఉంటే ఎనిమిదో నెలకల్లా పలుకులున్న ముద్ద, చేత్తో పట్టుకునే మెత్తని ముక్క, ఏడాదికల్లా మీరు తినేదే కొంచెం మెత్తగా పెట్టవచ్చు.

ఏడాది నిండగానే నేను ఉద్యోగంలో చేరాను. సోమవారం చేరాలి కనుక శనివారం నాడు చనుబాలు ఒక్కసారిగా మానేశాను. రెండో రోజుకు రొమ్ములు రాయిలా గట్టిపడి, సలుపు మొదలై, మూడో రోజు జ్వరంతో ఆఫీసు కుర్చీలో వణుకుతూ కూర్చున్నాను. కొత్త ఉద్యోగంలో ఆ విషయం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. పాలు మాన్పించడం వారాల పని. రోజులో బిడ్డ అంతగా పట్టించుకోని ఒక పూట పాలు ముందు తీసేసి, నాలుగైదు రోజులు ఆగి మరో పూట తీసేయాలి. పొద్దున లేచినప్పటివి, రాత్రి పడుకునే ముందువి చివరికి మిగలాలి. తీసేసిన పూట దగ్గర తినడానికి ఏదో ఒకటీ, ఒళ్ళో కొంతసేపూ ఇవ్వాలి.

చనుబాలు మానేసిన అపరాధ భావంతో నేను సీసా అలవాటు చేసి, దానిలో రోజుకు లీటరు వరకు ఆవుపాలు పోశాను. సీసా ఇస్తే ఇల్లు నిశ్శబ్దమయ్యేది, వాడు పడుకునేవాడు, నేను ఒక గంట గోడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. పదహారో నెలలో వాడి పెదవులు పాలిపోయినట్టు కనిపిస్తే పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ బాగా తగ్గిందని చెప్పి ఇనుము చుక్కలు రాసిచ్చారు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వ ఆరు నెలలకు అడుగంటుతుంది. ఏడో నెల నుంచి ఏడాది లోపు బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అమెరికా నిపుణుల లెక్క, తల్లిపాలలో లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆవుపాలలోనూ ఇనుము తక్కువే, పైగా పొట్ట నింపేసి ఇనుము ఉన్న తిండికి చోటు లేకుండా చేస్తాయి. అందుకే మొదటి ముద్దల్లోనే పప్పు, గుడ్డు, మీరు తినేవారైతే మాంసం ఉండాలి. పుల్లని పండు తోడైతే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఏడాది దాటాక పాలు రోజుకు అర లీటరు దాటనివ్వకండి, అదీ గ్లాసుతోనే. సీసాను ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు వదిలించాలి. మా వాడికి రెండున్నరేళ్ళ వరకు రాత్రి సీసా ఉండేది, ముందుపళ్ళు రెండు పుచ్చిపోయాయి.

రక్తపరీక్షకు వెళ్ళిన ఆ రోజే, వేచి ఉండే గదిలో మరో దేశం నుంచి వచ్చిన ఒక తల్లి నా పక్కన కూర్చుంది. ఇద్దరికీ వచ్చిన ఉమ్మడి భాష అరకొరే. ఆ తరువాత ప్రతి శనివారం మధ్యాహ్నం పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, మేమూ కంచాలు పెట్టుకుని తినేవాళ్ళం. అంతవరకు నేను వాడికి ముందు పెట్టి, ఆ తరువాత వంటగదిలో నిలబడి నాలుగు మెతుకులు తినేదాన్ని, అంటే నా పిల్లవాడు ఏడాదిన్నర వయసు వరకు ఒక మనిషి కూర్చుని నమిలి తినడం సరిగ్గా చూసి ఎరగడు. మూడో శనివారం వాడు ఆమె కూతురి కంచంలోంచి ఉడికిన గుడ్డు ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అదే గుడ్డు కోసం నేను నెలల తరబడి టీవీ ముందు యుద్ధం చేశాను.

2016లో పుట్టిన అమ్మాయి దగ్గర ఇవేవీ జరగలేదని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. పెద్దవాడప్పుడు వేరుశనగను ఆలస్యం చేయమన్నారు. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసివాళ్ళపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, తొందరగా అలవాటు చేసినవారిలో వేరుశనగ ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) గాని గుడ్డు ఎలర్జీ గాని ఉన్న బిడ్డ అయితే ముందుగా డాక్టరును అడగాలి. మా అమ్మాయికి మెత్తని వేరుశనగ ముద్దను పలచన చేసి, నా భర్త ఇంట్లో ఉన్న శనివారం ఉదయం మొదటిసారి నాకించాను.

ఈ కాలంలో మీకు ఫోన్‌లో అమ్మ ముఖం కూడా కనబడుతుంది, మాకు గొంతు మాత్రమే వినబడేది. ఆ ముఖం మీకు కావాలి, తప్పకుండా మాట్లాడండి, కాని పాప ముద్ద దగ్గర మాత్రం తెర వద్దు. రేపటి నుంచి మీ మధ్యాహ్న భోజనాన్ని పాప వేళకు మార్చుకుని, ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో మీరు కూర్చుని తినండి. నెల తిరిగేసరికి పాపను తూకానికి తీసుకువెళతారు కదా, ఆ గదిలో పక్కన ఉన్న తల్లితో మాట కలపండి. మీకు మాట రాకపోయినా ఫరవాలేదు, మీ పాప ఎలాగూ చెంచా కింద పడేస్తుంది, ఆమె తీసి ఇస్తుంది.