పార్ట్‌టైమ్ లెక్చరర్లకు పీఎఫ్, గ్రాట్యుటీ వస్తాయా?

మీరు అడిగింది ఇదీ: ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 11 ఏళ్లుగా పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేస్తున్నారు, నెలకు 14,000 ఇస్తున్నారు, "పార్ట్‌టైమ్ వాళ్లకు పీఎఫ్, గ్రాట్యుటీ ఏవీ ఉండవు" అని ఆఫీసులో తేల్చేశారు. నిజమేనా అని.

కాదండీ. గ్రాట్యుటీ గురించి నాకూ 16 ఏళ్లు ఇదే మాట చెప్పారు, నేనూ నమ్మాను.

నాది కెమిస్ట్రీ. యూజీసీ లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. ల్యాబుతో కలిపి నా టైమ్‌టేబుల్లో 18 పీరియడ్లు ఉండేవి. ఇన్విజిలేషన్, అడ్మిషన్ల సీజన్లో ఇల్లిల్లూ తిరగడం, ఇవి అదనం. పార్ట్ అనేది ఏదైనా ఉందంటే అది జీతంలోనే ఉండేది.

2021లో రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు, గ్రూప్ ఫొటో తీశారు. అయిపోయింది. లేబర్ ఆఫీసులో పనిచేసే మా మరిది చెబితే గ్రాట్యుటీ కోసం కాలేజీకి అర్జీ పెట్టాను. కరస్పాండెంట్ గారు కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మేడమ్, టీచర్లకు గ్రాట్యుటీ రాదని సుప్రీంకోర్టే చెప్పింది" అన్నారు. అబద్ధమేమీ కాదు. 2004లో నిజంగానే అలా చెప్పింది. అయితే ఆ తర్వాత 2009లో పార్లమెంటు గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి టీచర్లను చేర్చింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు స్కూళ్ల వాళ్లు ఆ సవరణ మీద కోర్టుకెక్కితే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆయన సగం కథ చెప్పి టీ కప్పు చేతికిచ్చారన్నమాట.

1972 నాటి ఆ చట్టంలో ఉద్యోగి ఎవరో చెప్పేచోట రోజుకు ఇన్ని గంటలు పని చేయాలన్న షరతే లేదు. సంస్థలో పదిమంది ఉండాలి, మీకు 5 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. నా ఆఖరి జీతం 18,200. రోజుకు 700, పదిహేను రోజులకు 10,500, 16 ఏళ్లకు 1,68,000.

అసలు పేచీ వేసవి సెలవుల దగ్గర వచ్చింది. ప్రతి ఏప్రిల్ ఆఖర్లో మా పార్ట్‌టైమ్ వాళ్లందరితో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునేవారు: "సొంత కారణాల వల్ల రాజీనామా చేయుచున్నాను". జూన్‌లో మళ్లీ ఆర్డరు. మే నెల జీతం మిగులుతుంది కాబట్టి అలా చేస్తున్నారనుకున్నాం. గ్రాట్యుటీ కోసం లేబర్ డిపార్ట్‌మెంటులో విచారణకు వెళ్లాక తెలిసింది, ఆ కాగితాలన్నీ కట్టగట్టి దాచారని. ఏ ఏడాదికా ఏడాది ఆవిడ మానేసి వెళ్లారు, 5 ఏళ్లు నిండనే లేదు అని వాళ్ల వాదన.

నన్ను గట్టెక్కించింది స్పాట్ వాల్యుయేషన్ ఆర్డర్లు. పేపర్లు దిద్దేది సరిగ్గా ఆ మే నెలలోనే కదా. యూనివర్సిటీ నుంచి ఏటా నా పేరున ప్రిన్సిపాల్ ద్వారా ఆర్డరు వచ్చేది, ప్రిన్సిపాల్ రిలీవ్ చేస్తూ సంతకం పెట్టి పంపేవారు. ఏప్రిల్‌లో రాజీనామా చేసిన మనిషిని మేలో ఎలా రిలీవ్ చేశారండీ అని అధికారి అడిగితే కాలేజీ తరఫున వచ్చినాయన ఫైలు తిరగేస్తూ ఉండిపోయారు. పైగా రాజీనామాలన్నీ ఒకే టైపింగు, తేదీలు మాత్రం చేత్తో రాసినవి. ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగితే అది సర్వీసుకు బ్రేక్ కాదని చట్టంలోనే ఉంది. మధ్యలో "గుడ్‌విల్‌గా 50,000 తీసుకోండి" అన్నారు, ఒప్పుకోలేదు. మొత్తం వచ్చింది, ఆలస్యానికి వడ్డీతో సహా.

ఇక పీఎఫ్. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట 15,000 లోపు జీతానికి చేరిన మనిషిని చేర్పించి తీరాలి. పార్ట్‌టైమ్ అన్న మినహాయింపు లేదు. విద్యాసంస్థలకు ఇది 1982 నుంచే ఉంది. మీ 14,000 మీద మీ వాటా 1,680, కాలేజీ వాటా 1,680. కాలేజీ వాటాలోంచే, జీతంలో 8.33 శాతం లెక్కన, పెన్షన్ ఖాతాకు పోతుంది. 10 ఏళ్లు నిండితే 58వ ఏట నుంచి పెన్షన్. 11 ఏళ్లు కట్టి ఉంటే ఈ జీతానికి నెలకు 2,200 వస్తుంది (14,000 ఇంటూ 11, బై 70). చిన్న మొత్తమే, కాదనను. కానీ బతికున్నన్నాళ్లూ వస్తుంది. మా కాలేజీలో పీఎఫ్ మొదలుపెట్టారుగానీ, యజమాని వాటా కూడా నా జీతంలోనే కోశారు. అది చట్టవిరుద్ధం. మీ పే స్లిప్పు ఒకసారి చూసుకోండి.

న్యాయం సంగతంటారా, నా లెక్క సింపుల్. సగం పని చేసినవాళ్లకు సగం రావాలి, సున్నా ఎందుకు? మూడు కాలేజీల్లో ఆరేసి పీరియడ్లు చెప్పేవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. పీఎఫ్‌కి యూఏఎన్ (సభ్యుడి ఖాతా నంబరు) ఒక్కటే కాబట్టి కాలేజీ మారినా వెంట వస్తుంది, గ్రాట్యుటీ రాదు. మా ఇంగ్లిష్ మేడమ్ 20 ఏళ్లకు పైగా పాఠాలు చెప్పారు, ఒక్కచోట కూడా 5 ఏళ్లు నిండలేదు, చేతికి ఏమీ రాలేదు. ఆ 1972 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ (ఇన్నాళ్లకని ఆర్డరిచ్చి తీసుకున్న) ఉద్యోగులకు ఏడాది చేస్తే చాలు గ్రాట్యుటీ అన్నారు. ఏటేటా ఆర్డర్లిచ్చే కాలేజీలు దీన్ని ఎలా తప్పించుకుంటాయో చూడాలి.

అడిగితే తీసేస్తారేమోనని భయపడుతున్నారు కదా, ఆ భయం ఉత్తది కాదు. గ్రాట్యుటీ మానేశాకే వస్తుంది కాబట్టి దాని గురించి ఇప్పుడు ఎత్తొద్దు. పీఎఫ్ మాత్రం ఆలస్యం చేయకండి, కుదిరితే నలుగురైదుగురు కలిసి ఈపీఎఫ్ఓకి (పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ) అర్జీ పెట్టండి. టైమ్‌టేబుళ్లు, ఇన్విజిలేషన్ లిస్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్పాట్ ఆర్డర్లు ఇంట్లో ఒక ఫైల్లో పెట్టుకోండి. కాలేజీ బీరువాలో ఉన్న కాగితం మీది కాదు. ఏప్రిల్‌లో ఆ రాజీనామా కాగితం చేతికిస్తే "సొంత కారణాల వల్ల" అన్నది కొట్టేసి, "వేసవి సెలవుల కారణంగా, ప్రిన్సిపాల్ గారు కోరినందున" అని రాసి, ఫొటో తీసుకుని, అప్పుడు సంతకం పెట్టండి.