ముల్లు దిగిందని మూత తీయకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బండి వారంలో రెండుసార్లు హీటెక్కిందట, మెకానిక్ దగ్గరికి తర్వాత వెళ్దాం, ముందు ఆదివారం నేనే బానెట్ ఎత్తి చూస్తానని నువ్వు అన్నావట. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో టెన్షన్. నాకు మాత్రం ముందు సంతోషం వేసింది. ఎనిమిదేళ్లప్పుడు నేను బండి కింద దూరితే చాలు, టార్చి పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేదానివి. స్పానర్ ఎటు కదిలితే వెలుగు అటు జరిగేది. నేను నోరు తెరిచి చెప్పాల్సిన పనే ఉండేది కాదు. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా ఇంజన్ చూస్తానంటోందని మనసు నిండిపోయింది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మిగతావన్నీ తర్వాత చెబుతాను. ముందు ఒక్కటి. ఇంజన్ వేడిగా ఉండగా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మూత మీద చెయ్యి వేయకు. గుడ్డ అడ్డం పెట్టినా వద్దు, గ్లౌజులు ఉన్నా వద్దు, కొంచెమే తిప్పి చూస్తానన్నా వద్దు.

మీ నాన్న ఎడమ చేతి మీద, మోచేతి నుంచి మణికట్టు దాకా ఉన్న మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేదానివి గుర్తుందా? సైకిల్ మీంచి పడ్డానని చెప్పేవాడు. అది సైకిల్ వల్ల వచ్చింది కాదు, నా వల్ల వచ్చింది. ఆ సంగతి చిన్నీకి రాయనా అని నిన్న అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రాయి అన్నయ్యా, ఇప్పుడు దానికి తెలియాలి" అన్నాడు.

అప్పుడు నాకు 26, వాడికి 19. నా మొదటి కారు, అప్పటికే పాతది. ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ మీదే మూత ఉండే రకం. కొన్ని వారాలుగా నీళ్లు తగ్గుతూ ఉండేవి. నేను ప్రతి ఆదివారం పొద్దున్నే మూత తీసి, తగ్గినంత పోసి, మూత పెట్టేసేవాణ్ణి. ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారి కూడా వంగి చూడలేదు. ఆ రోజు ఇద్దరం కొండదారి ఎక్కుతున్నాం. సగం దూరం వెళ్లేసరికి ఇంజన్ వేడి చూపే మీటర్ ముల్లు ఎరుపు గీత దగ్గరికి వచ్చింది. "ఆపుదాం అన్నయ్యా" అన్నాడు మీ నాన్న. పైకి వెళ్లాక ఆపుదాంలే అన్నాను. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి ముల్లు తనంతట తనే దిగడం మొదలుపెట్టింది. ఎరుపు నుంచి సగానికి, సగం నుంచి ఇంకా కిందకి. నాకు ప్రాణం లేచివచ్చింది. "చూశావా, సర్దుకుంది" అన్నాను వాడితో.

సర్దుకోలేదు తల్లీ. ఆ ముల్లుకు లెక్క అందించే సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు దాని కిందకి దిగిపోతే అది గాలిలో, ఆవిరిలో వేలాడుతూ ఉంటుంది. అప్పుడు ఇంజన్ మండిపోతున్నా ముల్లు పడిపోవచ్చు. నీళ్లు దాదాపు అయిపోయాయన్న కబురు అది. నేను దాన్ని చల్లబడిందన్న కబురు అనుకున్నాను.

ఇంజన్‌లో టకటకమని చప్పుడు వచ్చాక గానీ ఆపలేదు. బానెట్ ఎత్తితే ఆవిరి కూడా పెద్దగా కనిపించలేదు. తియ్యటి వాసన ఒకటి మాడుతున్నట్టు వస్తోంది. మళ్లీ లోపలికి వంగి మీటర్ చూశాను, ముల్లు అడుగునే ఉంది. పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మూత మీద వేసి తిప్పాను. మీ నాన్న అవతలి వైపు నుంచి నీళ్ల సీసాతో వంగి ఉన్నాడు, మూత రాగానే పోద్దామని. మూత సగం తిరిగిందో లేదో, నా చేతిలోంచి ఎగిరిపోయింది. తువ్వాలు నా ముఖానికి కొట్టుకుంది, నేను వెనక్కి పడ్డాను. అందుకే నాకు ఏమీ కాలేదు. లోపల మిగిలిన నీళ్లన్నీ వాడి చేతి మీదికి వచ్చాయి. వాడు అరవలేదు. సీసా మాత్రం కింద పడకుండా కుడిచేతిలోకి మార్చుకుని పట్టుకునే ఉన్నాడు. ఇంజన్‌కని తెచ్చిన ఆ నీళ్లే వాడి చేతి మీద పోశాను. ఒక సీసా ఎంతసేపు వస్తుంది? కాలిన చోట చల్లటి నీళ్లు కనీసం 20 నిమిషాలు ధారగా పడాలని నాకు తర్వాత డాక్టర్ చెప్పారు. ఐస్ పెట్టకూడదు, ఏ పేస్టూ పూయకూడదు. అది కూడా గుర్తుపెట్టుకో.

ఎందుకలా ఎగిరిందో తెలిస్తే నువ్వు ఎప్పుడూ తొందరపడవు. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. కూలెంట్ సగం, నీళ్లు సగం కలిపితే 106 దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూత లోపల స్ప్రింగు ఉంటుంది, అది సుమారు ఒక బార్ ప్రెషర్ (బయటి గాలి ఒత్తిడికి అదనంగా ఇంచుమించు ఇంకో అంత) నిలిపి ఉంచుతుంది. ఆ ప్రెషర్ కింద అదే కూలెంట్ 125 దాటినా మరగకుండా ఓర్చుకుంటుంది. మూత తీసిన క్షణంలో ప్రెషర్ పోతుంది, అంత వేడి మీదున్న ద్రవం ఒక్కసారిగా మరిగి ఆవిరై పైకి తంతుంది. మీ బండిలో రేడియేటర్ మీద మూత ఉండకపోవచ్చు, పక్కన ప్లాస్టిక్ డబ్బా మీద ఉండొచ్చు. ఆ డబ్బా కూడా ప్రెషర్‌లోనే ఉంటుంది, అమాయకంగా కనిపిస్తుందని నమ్మకు.

కాబట్టి శనివారం సాయంత్రం బండి ఆపేసి తాళాలు మీ అమ్మకు ఇచ్చెయ్యి. ఆదివారం పొద్దున స్టార్ట్ చేయకముందే చూడు. రేడియేటర్ పైన ఉండే లావుపాటి రబ్బరు పైపును చేత్తో నొక్కు. చల్లగా, మెత్తగా లోపలికి పోవాలి. గట్టిగా ఉంటే లోపల ఇంకా ప్రెషర్ ఉన్నట్టే. మీటర్‌ను నమ్మకు, పైపును నమ్ము. పైగా ఈ కాలం బండ్లు చాలా వాటిలో ముల్లు కావాలనే మధ్యలో నిలబడేలా చేస్తారు, ఉష్ణోగ్రత చాలా మారినా కదలదు. కొన్నిటిలో ముల్లే లేదు, ఎర్ర లైటు ఒక్కటే. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ లెక్కలు చదివే చిన్న పరికరం) ఒకటి తగిలించుకుంటే అసలు డిగ్రీలు కనిపిస్తాయి. అదీ ఆ సెన్సార్ చెప్పిందే చెబుతుంది గనుక కూలెంట్ నిండుగా ఉన్నప్పుడే దాని మాట చెల్లుతుంది.

ఇక పని. పానాలు పట్టుకోకముందు ఒక ప్రశ్న వేసుకో: ఎప్పుడు హీటెక్కింది? నేనైతే సగం జబ్బు దీనితోనే పట్టేస్తాను. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఎక్కి, బండి పరుగెత్తగానే దిగుతుంటే ఫ్యాన్‌ను అనుమానించు. కదిలేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నిలబడితే ఆ పని ఫ్యాన్ చేయాలి. ఊళ్లో బాగుండి, హైవే మీద వేగంగా పోయేటప్పుడో ఎత్తు ఎక్కేటప్పుడో ఎక్కుతుంటే గాలి లోటు కన్నా నీళ్ల ప్రవాహంలో ఎక్కడో అడ్డం ఉండే అవకాశం ఎక్కువ: రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు, నీళ్ల దారి తెరిచి మూసే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, వాటర్ పంప్ నీరసించి ఉండొచ్చు. స్టార్ట్ చేసిన కొన్ని నిమిషాలకే ఎక్కిపోతే కూలెంట్ తక్కువన్నా అయ్యుండొచ్చు, థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయన్నా ఉండొచ్చు. నీ రెండుసార్లూ ఏ సందర్భంలో జరిగాయో కాగితం మీద రాసుకో.

లెవల్ చల్లగా ఉన్నప్పుడు రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే నాలాగా పోసేసి ఊరుకోకు, అది ఎక్కడికి పోయిందో వెతుకు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచు. పైపుల క్లాంపుల చుట్టూ టార్చి వేసి చూడు. లీకైన కూలెంట్ ఎండిపోయి తెల్లగానో, దాని రంగులోనో పొరలా అంటుకుని ఉంటుంది, ఉప్పు పట్టినట్టు. ఆ కొండ మీద నా బండి జబ్బు అదే, కింది పైపు క్లాంపు దగ్గర గోరంత పొర. కారు లోపల కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా ఉండి, అద్దం మీద జిడ్డు మంచు పట్టి, తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లీకు.

ఫ్యాన్ చూడటం తేలిక. ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేస్తే చాలా బండ్లలో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూడు, తర్వాత అదే రకం రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు) ఇంకొకటి పక్కన ఉంటే దాన్ని తీసి ఇందులో పెట్టి చూడు. అయినా తిరగకపోతే మోటారో వైరింగో. ఒక సంగతి: ఎలక్ట్రిక్ ఫ్యాన్ తాళం తీసేశాక కూడా తనంతట తాను తిరగొచ్చు. దాని దగ్గర చెయ్యి పెట్టాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పు. జుట్టు ముడేసుకో. ఇంజన్ నడిపే పరీక్షలన్నీ బయట ఆరుబయలులో చెయ్యి, తలుపు మూసిన షెడ్డులో సైలెన్సర్ పొగ ప్రాణం తీస్తుంది.

థర్మోస్టాట్ అంటే నాకు చాలా ఇష్టం. లోపల ఒక చిన్న మైనపు గుళిక ఉంటుంది, వేడికి అది కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పైపుల మీద వేలి కొసలు ఆనించి చూడు, బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా. కాసేపు ఒకటి చల్లగానే ఉంటుంది, తర్వాత వాల్వు తెరుచుకోగానే వేడి దూసుకొస్తుంది. ఆ క్షణం వేలికి భలే తెలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కినా ఒక పైపు కాలుతూ ఇంకొకటి చల్లగానే ఉండిపోతే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదన్నమాట. విప్పి తీయగలిగితే దారంతో కట్టి నీళ్లగిన్నెలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాయి. దాని మీదే 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది, ఆ దగ్గర్లో తెరుచుకోవడం కళ్లతో చూస్తావు. పాడైతే కొత్తది వెయ్యి. అది తీసేసి ఖాళీగా నడిపితే బండి చల్లగా ఉంటుందని చెప్పేవాళ్లు దొరుకుతారు. వినకు. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, పెట్రోలు తాగుతుంది, తొందరగా అరుగుతుంది.

వాటర్ పంప్ దగ్గర కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి కనిపిస్తే లోపలి సీలు పోయినట్టు. పంప్ టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులను వేళకు తెరిపించే బెల్టు) మీద నడిచే రకమైతే నువ్వు విప్పకు. రేడియేటర్ రేకుల్లో దుమ్ము, పురుగులు ఇరుక్కుంటే నెమ్మదైన నీటిధారతో ఇంజన్ వైపు నుంచి బయటికి కడుగు.

చివరిది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు. ఆ రోజు నా ఇంజన్‌లో పోయింది అదే, హెడ్ కూడా వంగింది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే పై పైపు రాయిలా గట్టిపడితే, సైలెన్సర్ నుంచి తెల్లటి తియ్యటి పొగ ఆగకుండా వస్తుంటే, ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటిది పేరుకుంటే అనుమానించు. మీగడ ఒక్కటే చూసి భయపడకు, చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో తేమకు కూడా అలా వస్తుంది. నీలిరంగు ద్రవంతో చేసే టెస్ట్ కిట్ ఉంటుంది. కూలెంట్‌లోకి ఇంజన్ పొగ చేరుతుంటే ఆ నీలం పసుపుకు తిరుగుతుంది. తిరిగితే అక్కడితో ఆపి బండిని లాగించి మెకానిక్ దగ్గరికి పంపు. అది ఓటమి కాదు. ఏం పోయిందో తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు.

కూలెంట్ ఏ రకమో బండి పుస్తకంలో చూసే కొను, రెండు రకాలు కలపకు, డిస్టిల్డ్ వాటర్ వాడు. నింపాక గాలి బుడగలు బయటికి పోనివ్వాలి, లేకపోతే మళ్లీ హీటెక్కుతుంది. వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు ఎప్పుడూ పోయకు, హెడ్ చిట్లిపోవచ్చు. ఒలికిన కూలెంట్ వెంటనే కడిగెయ్యి. తియ్యగా ఉంటుంది, విషం. మీ కుక్కపిల్ల నాకుతుంది.

ఈలోగా దారిలో మళ్లీ ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, వీలైన మొదటి చోటే ఆగి ఇంజన్ ఆపు. ఎవరు ఎదురుచూస్తున్నా, ఎంత ఆలస్యమైనా ఆగు. ఇంకో రెండు మలుపులు అనుకోకు.

మీ నాన్న ఆదివారం పక్కనే ఉంటానన్నాడు. వద్దనకు, టార్చి వాడికి ఇవ్వు. నువ్వు మూత తీసేటప్పుడు మాత్రం రెండడుగులు వెనక్కి నిలబడమని చెప్పు. నీ మాటైతే వింటాడు.

పైపు నొక్కి చూశాక, మూత తీయకముందు నాకు ఒక ఫోన్ చెయ్యి. శనివారం బండి ఎన్నింటికి ఆపావో కూడా చెప్పు. ఎంత పొద్దున్నైనా సరే, నేను లేచే ఉంటాను.

మీ పెదనాన్న