జలుబుకి యాంటీబయాటిక్ అడక్కండి

"నాలుగు రోజులుగా జలుబు. చీమిడి పచ్చగా వస్తోంది. యాంటీబయాటిక్ వేసుకోవాలా?" అని ఒకరు అడిగారు. వద్దండీ. నేను డాక్టర్ని కాదు గానీ, ఇంటిల్లిపాది ముక్కులూ తుడిచిన అనుభవం మాత్రం దండిగా ఉంది.

మొన్న సంక్రాంతికి మా మరిది హైదరాబాద్ నుంచి తుమ్ముకుంటూ అమలాపురంలో దిగాడు. గొంతు గరగర, ముక్కు కారడం, ఒళ్లు కాస్త వెచ్చగా. మామూలు పడిశమే. భోగి నాటికి చీమిడి చిక్కబడి పచ్చగా మారింది. ఇంకేముంది, "ఇన్‌ఫెక్షన్ అయిపోయింది వదినా" అంటూ మెడికల్ షాపుకి పరిగెత్తాడు. చీటీ లేదు, ప్రశ్న లేదు, షాపతను అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెట్టేశాడు. అట్ట మీద నిలువునా ఎర్ర గీత. డాక్టర్ రాస్తేనే వాడాలని దానర్థం. ఆ గీత ఎవరిక్కావాలి!

కనుమ నాడు మేమంతా గారెలూ కోడికూరా లాగిస్తుంటే, అతను కడుపు పాడై మజ్జిగన్నం కలుపుకున్నాడు. అదీ సగంలో వదిలేసి లేచాడు. ముక్కు మాత్రం కారుతూనే ఉంది. వారం దాటాక తగ్గింది. మందు మహిమ అంటాడు అతను, నా మిరియాల చారు అంటారు అత్తగారు. చారు గొంతుకి హాయే, కాదనను. కానీ జలుబు దాని గడువు తీరి పోయింది, అంతే. అది తెచ్చేది వైరస్. ఎక్కువగా జలుబు తెచ్చే రైనోవైరస్ ఒక్కదానిలోనే వందకు పైగా రకాలున్నాయి. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. పచ్చరంగు వైరస్‌తో పోరాడిన తెల్ల రక్తకణాల వల్ల కూడా వస్తుంది, అదొక్కటే చూసి కంగారు పడక్కర్లేదు.

ఉన్నట్టుండి 102 జ్వరం, ఒళ్లంతా విరుపులు, మంచం దిగలేని నీరసం ఉంటే ఫ్లూ కావచ్చు. ఆయాసం వచ్చినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం తిరగబెట్టినా, పది రోజులు దాటినా డాక్టర్‌కి చూపించండి. పసిపిల్లలకీ, ఉబ్బసం ఉన్నవాళ్లకీ అంతదాకా ఆగొద్దు. పిల్లల్ని మరిగే గిన్నె మీద వంచి ఆవిరి పట్టించకండి, ఒలికితే ఒళ్లు కాలుతుంది.

ఇక ముక్కులో చుక్కల సంగతి. దిబ్బడ విడిచేందుకు వేసే మందు చుక్కలు మూడు నాలుగు రోజులకు మించి వాడితే వాటివల్లే మళ్లీ దిబ్బడ పడుతుంది. మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఆ సీసా దిండు కిందే ఉంటుంది. ఉప్పునీళ్ల చుక్కలు కొనిచ్చాను, ఇంకా మూతైనా తియ్యలేదు.