పాపని బ్యాడ్మింటన్ అకాడమీలో చేర్పించే ముందు ఏం చూసుకోవాలి, కోచ్‌ని అనుమానించినట్టు అనిపించకుండా ఎలా అడగాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. మీ పాపకి తొమ్మిదేళ్లు, కూకట్‌పల్లి దగ్గర అకాడమీ చూశారు, కోచ్‌కి మంచి పేరుంది, కానీ పేరెంట్స్‌ని లోపల కూర్చోనివ్వరంట, అడుగుదామంటే ఆయన ఏమనుకుంటారో అని మొహమాటం. మీవారేమో ఇంత పేరున్న సార్‌ని అనుమానిస్తావా అంటున్నారు.

అడగండి. కచ్చితంగా అడగండి. మా పాప స్విమ్మింగ్, బాబు బ్యాడ్మింటన్, ఇద్దరూ చిన్నప్పట్నుంచి ఆడుతున్నారు, నేను పొద్దున్న వాళ్లని దింపి ఆఫీసుకి పోయే రకం, కాబట్టి మీ టెన్షన్ నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, ఈ మనిషి మంచోడా కాదా అని మొహం చూసి తేల్చడం మన వల్ల అయ్యే పని కాదు, ఆ పని పెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. మనం చూడాల్సింది ఆ అకాడమీ నడిచే పద్ధతి. ఒక పెద్దమనిషి ఒక పిల్లతో ఎవరి కంటా పడకుండా ఒంటరిగా ఉండే వీలు అక్కడ ఉందా లేదా, అంతే. ఈ ప్రశ్న అందరికీ ఒకటే కాబట్టి ఎవర్నీ వేలెత్తి చూపినట్టు అవ్వదు.

పేరున్న సార్ అన్నారు కాబట్టి ఒక్క విషయం చెప్తా. అమెరికాలో జిమ్నాస్టిక్స్ టీమ్ డాక్టర్ లారీ నాసర్ కేసు వినే ఉంటారు. ఒలింపిక్స్ పిల్లలకి ట్రీట్‌మెంట్ చేసిన మనిషి, అందరూ దేవుడిలా చూసేవాళ్లు. 2018 జనవరిలో 40 నుంచి 175 ఏళ్ల జైలు శిక్ష పడింది, కోర్టులో 150 మందికి పైగా నిలబడి తమకి జరిగింది చెప్పారు. నన్ను నిద్రపోనివ్వని విషయం ఏంటంటే కొన్నిసార్లు తల్లి అదే రూమ్‌లో ఉండగానే, ఆ డాక్టర్ అడ్డంగా నిలబడి, ట్రీట్‌మెంట్ పేరుతో పిల్లల్ని లైంగికంగా వేధించాడు. ఆ పిల్లల్లో కొందరు చాలా ఏళ్ల ముందే పెద్దవాళ్లకి చెప్పారు, అది వైద్యంలో భాగం, నీకే అర్థం కాలేదు అని పంపేశారు. అంటే పేరు కాపాడదు, మనం పక్కన కూర్చున్నా ఒక్కోసారి చాలదు, పిల్ల చెప్పినప్పుడు నమ్మే పెద్దవాళ్లు కావాలి.

ఇప్పుడు లోపల కూర్చోనివ్వకపోవడం గురించి. దానికి నిజమైన కారణం కూడా ఉంటుందండి, కొంతమంది పేరెంట్స్ కోర్టు పక్కన నిలబడి "స్మాష్ కొట్టరా" అని అరుస్తుంటారు, పిల్లలు షటిల్ చూడకుండా అమ్మ మొహం చూస్తుంటారు, కోచ్‌లు విసిగిపోతారు. పైన గ్యాలరీ ఉండి అక్కణ్నుంచి కనపడితే, లేదా అద్దాల గోడ ఉంటే, నాకైతే ఓకే. ఏ రోజైనా చెప్పకుండా వచ్చి చూడొచ్చు అంటే కూడా ఓకే. ఎక్కణ్నుంచీ కనపడదు, ముందు ఫోన్ చేసి రావాలి అంటే మాత్రం నేను ఆ అకాడమీలో చేర్పించను, ఎంత పెద్ద పేరైనా సరే.

చేర్పించే ముందు పాపని తీసుకెళ్లకుండా మీరొక్కరే ఒక సాయంత్రం బ్యాచ్‌లు మారే టైంలో వెళ్లండి. ఒక బ్యాచ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే ఆ పది పదిహేను నిమిషాలే అసలు చూడాల్సింది, అప్పుడు పిల్లలు బట్టలు మార్చుకుంటుంటారు, వాష్‌రూమ్‌కి పోతుంటారు, వ్యాన్ కోసం ఎదురుచూస్తుంటారు, ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో ఎవరికీ పట్టదు. వాష్‌రూమ్ ఎక్కడుంది, ఆడపిల్లలది వేరేనా, లోపల గడియ పడుతుందా చూడండి. రాకెట్‌కి గట్టింగ్ వేసే రూమ్, ఫిజియో రూమ్, కోచ్ క్యాబిన్ ఇవి తలుపులేస్తే బయటికి కనపడతాయా చూడండి. సీసీటీవీ ఉందా అని మాత్రమే అడిగితే ఉంది అంటారు, ఎక్కడుంది, ఫుటేజ్ ఎవరు చూస్తారు అని అడగాలి. కారిడార్‌లో ఉండాలి, బట్టలు మార్చుకునే చోట అస్సలు ఉండకూడదు.

ఇంకోటి, బోర్డు మీద పేరు పెద్ద సార్‌ది, ఫొటో పెద్ద సార్‌ది, కానీ తొమ్మిదేళ్ల పిల్లలకి రోజూ నేర్పేది అసిస్టెంట్లు. అక్కడే ఆడి అక్కడే నేర్పడానికి మిగిలిపోయిన కుర్రాళ్లు, సమ్మర్ క్యాంపులకి ఏప్రిల్, మే నెలల్లో టెంపరరీగా వచ్చేవాళ్లు, వ్యాన్ డ్రైవర్, రాత్రి తాళం వేసే అన్న. చాలామంది మంచి పిల్లలే, మా బాబుకి ఫుట్‌వర్క్ అలాంటి కుర్రాడే నేర్పాడు. కానీ మీరు పోలీస్ వెరిఫికేషన్ అడగాల్సింది వీళ్లందరి గురించి. పోక్సో అంటే పిల్లల మీద లైంగిక నేరాలని ఆపడానికి పెట్టిన చట్టం, దాని 2020 రూల్స్ ప్రకారం పిల్లలతో పనిచేసే సంస్థలు స్టాఫ్‌కి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, స్కూళ్లతో పాటు స్పోర్ట్స్ అకాడమీలు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి మీరేదో కొత్తగా అడుగుతున్నట్టు కాదు.

మా దగ్గర జరిగింది చెప్తా, అకాడమీ పేరు వద్దు. బాబు బ్యాచ్‌లో పదమూడేళ్ల అబ్బాయి ఉండేవాడు, బాగా ఆడేవాడు, ఇంట్లో డబ్బు ఇబ్బంది. ఒక అసిస్టెంట్ కోచ్ ఆ అబ్బాయికి విడిగా వాట్సాప్ మెసేజ్‌లు పెట్టడం మొదలెట్టాడు, కొత్త షూస్ కొనిచ్చాడు, అందరూ వెళ్లాక ఎక్స్‌ట్రా ప్రాక్టీస్ అని ఉంచి బండి మీద దింపేవాడు, షూస్ సంగతి మీ అమ్మకి చెప్పకు ఫీల్ అవుతుంది అన్నాడంట. అన్నం తినేటప్పుడు మా బాబు మాటల్లో అన్నాడు, వాడికి మాత్రం స్పెషల్ అని. విడివిడిగా చూస్తే అన్నీ మంచి పనులే అనిపిస్తాయి, అమ్మకి చెప్పకు అనే మాట దగ్గర మాత్రం నాకు గుండె జారింది. ఆ రాత్రే వాళ్లమ్మకి ఫోన్ చేశా. ఆవిడ కొడుకుతో నెమ్మదిగా మాట్లాడింది, అంతకుమించి ఏం జరగలేదని తేలింది. తర్వాత మేం నలుగురం కలిసి మేనేజర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మొదట "మేడమ్, అతనికి పిల్లలంటే ప్రాణం, మీరు తప్పుగా అనుకుంటున్నారు" అన్నారు. మేం అతని గురించి వాదన పెట్టుకోలేదు, రూల్స్ రాసి గోడకి పెట్టండి అన్నాం. పిల్లలకి విడిగా మెసేజ్‌లు ఉండవు, ఏదైనా పేరెంట్స్ గ్రూప్‌లోనే. ఒక్క పిల్లతో ఒక్క కోచ్ ఉండే ప్రాక్టీస్ ఉండదు. గిఫ్ట్ ఇవ్వాలంటే పేరెంట్ చేతికివ్వాలి. బండి మీద, కార్లో ఒంటరిగా దింపడం ఉండదు. ఆయన వారం నాన్చారు, వచ్చే క్వార్టర్ ఫీజు కట్టం అని ఇంకా కొంతమంది కలిసేసరికి ఒప్పుకున్నారు. రూల్స్ పెట్టాక ఆ అసిస్టెంట్ కొన్నాళ్లకే మానేశాడు. ఒంటరిగా వెళ్లుంటే నన్ను గొడవ మనిషి అని పంపించేసేవాళ్లు, అందుకే మీరు కూడా ముందు అక్కడ ఇద్దరు ముగ్గురు పేరెంట్స్‌ని పరిచయం చేసుకోండి.

చూశారుగా, అది అబ్బాయి. ఆడపిల్ల ఉంటేనే ఈ జాగ్రత్తలు అనుకుంటాం మనం. కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో చేయించి 2007లో బయటపెట్టిన స్టడీలో సగానికి పైగా, 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు, వాళ్లలో అబ్బాయిలే కొంచెం ఎక్కువ. పోక్సో చట్టం కూడా 18 ఏళ్ల లోపు అబ్బాయిలకి, అమ్మాయిలకి ఒకేలా వర్తిస్తుంది.

ముట్టుకోవడం గురించి చాలామంది అడుగుతారు. ఆటల్లో అస్సలు ముట్టుకోకుండా నేర్పాలంటే కష్టం, గ్రిప్ సరిచేయాలంటే మణికట్టు పట్టుకోవాలి, ఈతలో ఫ్లోటింగ్ నేర్పాలంటే కింద చెయ్యి పెట్టాలి. మా పాప స్విమ్మింగ్ కోచ్ ముందే చెప్తారు, ఇప్పుడు భుజం పట్టుకుంటున్నా అని, అందరి ముందే చేస్తారు, పిల్ల వద్దంటే తను చేసి చూపిస్తారు. ఆయన్ని నేను మొదటిరోజు ఇవన్నీ అడిగితే "నేను ఒక్క పిల్లని ఒంటరిగా ఎప్పుడూ ఉంచను మేడమ్, నాకూ అదే సేఫ్" అన్నారు. నిజంగా పద్ధతిగా ఉండే కోచ్‌కి ఈ ప్రశ్నలు భారం కావండి, నాకు ఎదురైన వాళ్లలో మంచి కోచ్‌లు అడిగినందుకు సంతోషపడ్డారు.

ఇంట్లో మనం మార్చుకోవాల్సింది ఒకటుంది. కారు దిగేటప్పుడు "సార్ ఏం చెప్తే అది చెయ్యి" అని చెప్పి పంపుతాం, గురువు అంటే మనకి కాళ్లకి దండం పెట్టే గౌరవం, అది మంచిదే. కానీ టీమ్‌లో ఎవరుండాలో చెప్పేది ఆ సారే, డిస్ట్రిక్ట్‌కి ఎవరు పోవాలో చెప్పేది ఆ సారే, నోరు తెరిస్తే ఛాన్స్ పోతుందని పిల్లలకి తెలుసు, దాని మీద మనం కూడా ఎదురు చెప్పకు అంటే ఇక వాళ్లు ఎవరికి చెప్తారు? నేనైతే "ఆట గురించి సార్ మాట విను, నీ ఒంటి గురించి నీ మాటే, సీక్రెట్ అని ఎవరైనా అంటే అదే ముందు నాకు చెప్పు, నువ్వు ఆట మానేయాల్సిన పని ఉండదు" అని చెప్తా. చివరి ముక్క ముఖ్యం. చెప్తే అమ్మ ఆట మాన్పిస్తుంది అనే భయంతోనే చాలామంది చెప్పరు.

తిట్లు, దెబ్బలు, ఎండలో పనిష్మెంట్ రౌండ్లు కూడా ఇందులోకే వస్తాయి. మే నెలలో మన హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటిన ఎండలో నీళ్లు తాగనివ్వకుండా పరిగెత్తించడం డిసిప్లిన్ కాదు. లావు అని అందరి ముందు వెక్కిరించడం కూడా అంతే. తన చేతి కింద ఉన్న పిల్లల్ని కొట్టి, హింసించి బాధపెడితే జువైనల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 75 కింద 3 ఏళ్ల వరకు జైలు ఉంది.

టోర్నమెంట్లకి ఊళ్లు తిరగడం మీకు ఇంకా రెండు మూడేళ్ల తర్వాత మాట, కానీ అదే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది. వరంగల్, ఖమ్మం పోయి లాడ్జిలో ఉంటారు, ఇంటికి దూరం. 2022 జూన్‌లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, మహిళా క్రీడాకారులు ఉన్న టీమ్‌తో మహిళా కోచ్ తప్పకుండా ఉండాలని రూల్ పెట్టింది, నేషనల్ లెవెల్ వాళ్లకే అది కావాల్సొస్తే మన చిన్నపిల్లలకి అడగడంలో తప్పేముంది. మా గ్రూప్‌లో ప్రతి టూర్‌కి వంతులవారీగా ఒక పేరెంట్ వెళ్తారు, ఆ ఖర్చు అందరం పంచుకుంటాం, కోచ్ రూమ్‌కి పిల్లలు వెళ్లరు, మీటింగ్ అయినా లాబీలోనే.

ఒకవేళ పాప ఏదైనా చెప్తే. ముందు కూర్చుని వినండి, మొహంలో కోపం చూపించకండి, పిల్లలు అది తమ మీద అనుకుంటారు. మళ్లీ మళ్లీ అడిగి చెప్పించకండి, తను అన్న మాటలు అలాగే రాసి పెట్టుకోండి. కోచ్‌కి ఫోన్ చేసి నిలదీయకండి, ఫోన్లో మెసేజ్‌లు డిలీట్ అయిపోతాయి. బట్టలుంటే ఉతక్కండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఏ టైంలోనైనా ఎత్తుతారు, ఎమర్జెన్సీ నంబర్ 112 ఉంది, మన సిటీలో అసెంబ్లీ దగ్గర హాకా భవన్‌లో భరోసా సెంటర్ 2016 నుంచి ఉంది, అక్కడ కౌన్సెలింగ్, మెడికల్, పోలీస్, లీగల్ సాయం ఒకేచోట దొరుకుతుంది. పోలీస్ అంటే భయపడొద్దు, పోక్సోలో పిల్ల దగ్గర స్టేట్‌మెంట్ ఇంట్లోనే తీసుకోవచ్చు, యూనిఫాం వేసుకోకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, రాత్రి పూట పిల్లని స్టేషన్‌లో ఉంచకూడదు.

అకాడమీ వాళ్లు పేరు పోతుంది, లోపల్లోపల సెటిల్ చేద్దాం అంటారు. ఒప్పుకోవద్దు. పోక్సో సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, తన కింద పనిచేసేవాడు చేశాడని తెలిసి దాచిన సంస్థ ఇన్‌ఛార్జికి ఏడాది వరకు జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు, అది కూడా అదే సెక్షన్‌లో ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పిల్ల పేరు, ఫొటో, స్కూల్ ఏదీ పెట్టకండి, మీ పాప అయినా ఇంకొకరి పాప అయినా.

మీరు అడగడానికి మాటలు కావాలంటే ఇలా అడగండి: "సార్, పాపని చేర్పిద్దామనుకుంటున్నాం. మేం ఎక్కణ్నుంచి చూడొచ్చు? పాపకి నేర్పేది ఎవరు, వాళ్ల వెరిఫికేషన్ అయిందా? ఏదైనా ఇబ్బంది ఉంటే మీకు కాకుండా ఇంకెవరికి చెప్పాలి?" మూడోది అడగడం మర్చిపోకండి, కంప్లైంట్ తీసుకోవడానికి కోచ్ కాకుండా ఇంకో మనిషి లేకపోతే, కోచ్ మీదే కంప్లైంట్ ఉంటే ఎవరికి చెప్తారు. ఇంకా ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు, కట్టకండి, ముందు ఒక నెలకే కట్టండి, అంత డబ్బు ఇరుక్కుంటే నచ్చకపోయినా పిల్లని తీసుకొచ్చేయడానికి మనసొప్పదు.