బ్లాకౌట్ రోజుల్లో హాస్టల్లో ఎలా ఉండాలంటే... జలంధర్‌లో ఉన్న మనవరాలికి

బుజ్జీ,

మీ అమ్మ పొద్దుట్నుంచి టీవీ ముందు నుంచి లేవట్లేదు, దానికి చెప్పినా వినదు కాబట్టి నీకు రాస్తున్నా. ఇంత పొడుగు మెసేజ్ ఏంటి అమ్మమ్మా అనకుండా చీకటి పడేలోపు ఒకసారి పూర్తిగా చదువు. ఇవాళ 2025 మే 9, ఇక్కడ సాయంత్రం అయింది. పాకిస్తాన్‌తో గొడవ ముదిరి మీ జలంధర్‌లో రాత్రుళ్ళు బ్లాకౌట్ పెడుతున్నారు కదా, అంటే పైనుంచి శత్రువుకి ఊరు కనపడకుండా దీపాలన్నీ ఆపెయ్యడం.

ముందు నీ రోజుని ముందుకి జరుపుకో. 1971 డిసెంబర్లో పాకిస్తాన్‌తో యుద్ధం 3 నుంచి 16 దాకా నడిచింది, అప్పుడు నేను వైజాగ్‌లో యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నా, నేవీ ఊరు కదా, సాయంత్రం అవగానే ఊరంతా చీకటి. కిటికీ అద్దాలకి మందపాటి కాగితాలు, లారీల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు. చలికాలం, ఆరు కాకుండానే పొద్దుపోయేది, అందుకే చదువు, స్నానం, భోజనం అన్నీ వెలుగుండగానే కానిచ్చేసేవాళ్ళం. నీకు ఏడు దాటేదాకా వెలుగే, మళ్ళీ పొద్దున్న ఐదున్నరకల్లా తెల్లారిపోతుంది, కష్టమైన సబ్జెక్టు అప్పుడు చదువు. సీఏ పరీక్షలు కూడా వాయిదా వేశారు, వాయిదా అంటే రద్దు కాదు, ఎప్పుడో ఒకరోజు పెడతారు, ఆ రోజు నువ్వు యుద్ధం వచ్చింది సార్ అంటే మార్కులు వెయ్యరు.

ఆరింటికల్లా ఫోను, పవర్ బ్యాంకు చార్జింగ్ అయిపోవాలి, సీసాల్లో నీళ్ళు పట్టుకోవాలి. బ్లాకౌట్ అన్నాక మెయిన్ లైటు తీసేస్తే సరిపోదు, కరెంటు పోగానే దానంతటదే వెలిగే ఎమర్జెన్సీ లైటు ఉంటుంది చూడు, అది ముందే ఆపెయ్యాలి, చాలామంది మర్చిపోయేది అదే. ఇన్వర్టర్ మీద నడిచే కారిడార్ లైటు సంగతి వార్డెన్‌ని అడుగు. కిటికీకి దుప్పటి కట్టు, మంచం కిటికీకి దూరంగా జరుపు, చెప్పులు మంచం పక్కనే పెట్టుకో, అద్దం పగిలితే చీకట్లో కాళ్ళకే గుచ్చుకుంటుంది. సైరన్ పైకీ కిందకీ ఊగుతూ మోగితే ప్రమాదం, ఒకే తీరుగా సాగితే అయిపోయిందని, మొన్న 7న మన వైజాగ్‌లో కూడా మాక్ డ్రిల్ చేశారులే. మోగగానే కింద ఫ్లోర్‌కి దిగిపో, వీడియో తీద్దామని టెర్రస్ ఎక్కావంటే మాత్రం నేను ఊరుకోను. పల్లెల్లో డ్రోన్లవీ మిస్సైళ్ళవీ ఏవో ముక్కలు పడుతున్నాయంటున్నారు, అలాంటిది ఏది కనపడినా ముట్టుకోకుండా పోలీసులకి చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. 71లో డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటేవేళ సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది, కిటికీలు అదిరాయి. తెల్లారేసరికి మెస్‌లో ఒకమ్మాయి హార్బర్ పేలిపోయిందంది, ఇంకొకమ్మాయి పాకిస్తాన్ వాళ్ళు ఒడ్డుకి దిగేశారంది, మూడో అమ్మాయి ఏడుస్తూ ట్రంకు సర్దేసింది. అది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన చప్పుడని నేవీ ప్రకటించింది 9వ తారీఖున! అన్నాళ్ళూ చప్పుడు విన్న ఊరికే ఏం జరిగిందో తెలీదు. ఆ మాటకొస్తే మన రాజ్‌పుత్ ఓడ ముంచిందని మనవాళ్ళు, కాదు లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ వాళ్ళు, ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అలాంటిది నీ హాస్టల్ గ్రూప్‌లో రెండు నిమిషాలకే మొత్తం కథ తేలిపోతుందా? ఏటీఎంలు మూసేస్తున్నారని తిరుగుతున్న మెసేజ్ అబద్ధమని గవర్నమెంటే చెప్పింది. ఫార్వర్డ్ చెయ్యకు, ఆర్మీ బళ్ళు కనిపిస్తే ఫోటో తియ్యకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వార్తలు చూడు, చాలు. టీవీ వాళ్ళయితే సైరన్ మోతని బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చేసేశారు, మీ అమ్మకి బీపీ అందుకే.

మీ అమ్మకి మాత్రం రోజూ రాత్రి తొమ్మిదికి ఒక్క మెసేజ్ పెట్టు. కాల్ కలవకపోయినా మెసేజ్ ఎప్పటికో వెళ్తుంది. మాకు ట్రంక్ కాల్ దొరికేది కాదు, కవరు మీద మామూలు స్టాంపు కాక బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఇంకో అయిదు పైసల స్టాంపు అంటించి పోస్ట్ చేసి జవాబు కోసం ఎదురు చూసేవాళ్ళం, నాన్న ఎంత గాబరా పడ్డారో అంతా అయిపోయాక తెలిసింది.

మీ బ్లాక్‌లో కాశ్మీరు పిల్లలు ఉంటే వాళ్ళని పక్కన పెట్టకండి. పహల్గాం ఉగ్రదాడి తర్వాత అక్కడక్కడ వాళ్ళని కొట్టారని పేపర్లో చదివి మనసు పాడైపోయింది. సరిహద్దు దగ్గర పూంచ్‌లో గుండ్లు పడి జనం పోయారు, ఆ పిల్లల అమ్మానాన్నలు ఇంకెక్కడో కాదు, ఆ పక్కనే ఉండొచ్చు. భోజనానికి వెళ్ళేటప్పుడు పిలిచి వెంట తీసుకెళ్ళు. ఎవరైనా మాట తూలితే నువ్వు నవ్వకు, అంతే.

వచ్చెయ్యాలా వద్దా అని నువ్వు అడిగినదానికి నేను రమ్మనీ చెప్పను, వద్దనీ చెప్పను. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు వైజాగ్ మీద బాంబులేశాక ఊళ్ళో జనం పల్లెలకి పోయారు, యూనివర్సిటీనే గుంటూరుకి మార్చేశారు, వెళ్ళడం పిరికితనం ఏమీ కాదు. కాలేజీ సెలవిస్తే బయలుదేరు, ఇవ్వకపోతే వార్డెన్‌కి చెప్పకుండా కదలకు. అటు వైపు ఎయిర్‌పోర్టులు మూసేశారు, రైళ్ళు నడుస్తున్నాయి, నిన్న ధర్మశాలలో ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో ఆపేశారు కదా, ఆ క్రికెటర్లు కూడా మీ జలంధర్‌లోనే రైలెక్కి ఢిల్లీ వెళ్ళారట. పగటిపూట, నలుగురైదుగురు కలిసి, ఐడీ కార్డు జేబులో పెట్టుకుని ఢిల్లీ దాకా రండి, అక్కడ ఏపీ భవన్‌లో మన పిల్లలకి బస, భోజనం చూస్తున్నారు, తెలంగాణ పిల్లలకి వాళ్ళ భవన్ ఉంది. వెళ్ళేముందు ఫోన్ చెయ్యండి.

నీ అకౌంట్లో రెండు వేలు వేయించాను. అందులో సగం వంద నోట్లుగా తీసి దగ్గర పెట్టుకో, నెట్ లేనప్పుడు ఫోన్‌పే పని చెయ్యదు. కందిపొడి ఇంకా ఉందా, అయిపోయిందా? ఉంటే ఆ కాశ్మీరు పిల్లలకి కూడా పెట్టు, కారం తక్కువే వేశాను.

అమ్మమ్మ