కోతుల జీన్ల మీద చదువుతానంటోంది, ఏం చెయ్యమంటారు?

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న ఒక నాన్నగారు అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్. కోతుల్లో రోగనిరోధక జీన్లు ఎందుకంత రకరకాలుగా ఉంటాయో దాని మీద రీసెర్చ్ చేస్తుందట. నేనేమో డేటా కోర్సులో చేరమంటున్నాను. అయినా బంధువులు అడిగితే కోతుల చదువని ఎలా చెప్పాలండీ?"

సార్, బంధువుల సంగతి చివర్లో చూద్దాం. మీరు చెప్పే పనీ, ఆమె అడిగే పనీ ముప్పావు వంతు ఒకటే. ఆ సంగతి ఆమె మీకు అర్థమయ్యేలా చెప్పలేదు, అంతే.

మన ఒంట్లో వైరస్ దూరిన కణం, లోపల దొరికిన వైరస్ ముక్కల్ని పైకి తెచ్చి, వీధిగుమ్మంలో పెట్టి రక్షణ కణాలకు చూపిస్తుంది. ఆ ముక్కను పట్టుకునే చెయ్యిని తయారుచేసేవే ఎంహెచ్‌సీ జీన్లు. మనుషుల్లో వాటినే హెచ్‌ఎల్‌ఏ అంటారు, ఆరో క్రోమోజోములో ఉంటాయి. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో ఆకారం, అందుకే ఒకే వైరస్ ఒకరిని మంచాన పడేస్తుంది, ఇంకొకరికి జలుబులా పోతుంది (కారణం ఇదొక్కటే కాదనుకోండి). రీసస్ కోతుల్లో ఈ జీన్లకు 'మాము' అని పేరు. మన మామూ కాదు సార్, వాటి శాస్త్రీయ నామం మకాకా ములాటాలోని మొదటి అక్షరాలు! మాము-ఏ*01 అనే రకం ఉన్న కోతుల్లో ఎస్‌ఐవీ, అంటే హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టం, నెమ్మదిగా ముదురుతుంది. అందుకే టీకా పరీక్షించేటప్పుడు ఏ కోతికి ఏ రకం ఉందో ముందే చూసుకోవాలి, లేకపోతే మెరుగైంది టీకా వల్లో జీన్ వల్లో తేలదు. మకాక్ అంటే రీసస్ లాంటి కోతులన్నిటికీ కలిపి పేరు. మారిషస్ దీవిలోని మకాక్‌లు కొన్ని వందల ఏళ్ల కిందట ఓడల్లో చేరిన కొద్ది కోతుల సంతానం, వాటిలో కలిసికట్టుగా పిల్లలకు వచ్చే ఈ జీన్ల గుత్తులు ప్రధానంగా ఏడే, కాబట్టి ల్యాబులవాళ్లకు అవంటే ప్రాణం.

అసలు తలనొప్పి వేరే ఉంది. మనకు హెచ్‌ఎల్‌ఏ-ఏ, బీ జీన్లు ఒక్కో క్రోమోజోము మీద ఒక్కొక్కటే. మకాక్‌లకు వాటి కాపీలు చాలా, ఎన్నున్నాయనేదీ కోతికీ కోతికీ మారుతుంది. డీఎన్‌ఏను చదివే సీక్వెన్సింగ్ మిషన్ ఇచ్చే చిన్న చిన్న ముక్కలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఏది ఏ కాపీదో పైథాన్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లే విడదీయగలరు. అమ్మాయి అడవిలో కోతుల వెంట పరిగెడుతుందని భయపడకండి, ఎక్కువ రోజులు స్క్రీన్ ముందే గడుస్తాయి.

మన చుట్టూ కూడా ప్రశ్నలకు కొదవ లేదు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోతుంటే బయటపడ్డ వైరస్ జబ్బును ఇక్కడ 'మంగన కాయిలె' అంటారు, అందులో చచ్చేది కొండముచ్చులూ, మన మేడల మీద తిరిగే మామూలు కోతులూను. వాటిలో బతికి బయటపడే వాటి జీన్లు ఎలా ఉంటాయనే ప్రశ్న చాలు ఒక విద్యార్థిని ఏళ్ల తరబడి పట్టుకోవడానికి.

దారి సంగతి. ఎమ్మెస్సీకి గాట్-బీ అనే బయోటెక్నాలజీ ప్రవేశ పరీక్ష రాయించండి, బెంగళూరులోనే ఐబాబ్ అనే సంస్థలో బయోఇన్ఫర్మేటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) ఉంది, దాన్నీ చూడండి. ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కావాలంటే జేజీఈఈబిల్స్ ప్రవేశ పరీక్ష. సీఎస్‌ఐఆర్-నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఇంటికి త్వరగా జీతం అవసరమైతే ఎమ్మెస్సీతో ఆపి జీనోమిక్స్ కంపెనీల్లోకో, బోన్‌మ్యారో మార్పిడికి హెచ్‌ఎల్‌ఏ కలుస్తుందో లేదో చూసే ల్యాబుల్లోకో వెళ్లొచ్చు.

ఒక పరీక్ష పెట్టండి. ఐపీడీ-ఎంహెచ్‌సీ అనే డేటాబేస్‌లో కోతుల సీక్వెన్సులు ఉచితంగా ఉన్నాయి. ఈ సెలవుల్లో ఒక యాభై దింపుకొని, 'మెగా' సాఫ్ట్‌వేర్‌లో వరసగా పేర్చి వంశవృక్షం లాంటి చెట్టు గీసి, మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. రెండో రోజుకే విసుగొస్తే మీ మాటే నెగ్గినట్టు. రాత్రి పదకొండైనా లేవకుండా కూర్చుంటే ఆపకండి.

ఇక బంధువులా? "ఎముక మజ్జ మ్యాచింగ్‌కి చూసే జీన్ల మీద పని" అని చెప్పండి, అబద్ధమేం కాదు. కోతుల ముక్క పెళ్లయ్యాక చెప్పుకోవచ్చు.