తుపాను ఊళ్ళ నుంచి మంచు ఊళ్ళకు: మూడు రోజుల సంచి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అమెరికా వచ్చినవాళ్ళకు కరెంటు పోవడం కొత్త కాదు. 2014లో హుద్‌హుద్ చూశాం, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టడం చూశాం. అయినా అక్కడ గ్యాసు పొయ్యి వెలిగేది, వీధిలో బోరింగు ఉండేది. ఇక్కడ చాలా అపార్టుమెంట్లలో పొయ్యీ, హీటరూ రెండూ కరెంటు మీదే నడుస్తాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయి, గొట్టాలు పగిలి నీళ్ళు కూడా ఆగిపోయాయి. అందుకే వచ్చిన నెలలోనే, ఒక చేత్తో ఎత్తగలిగే సంచి ఒకటి సర్దుకోండి.

మనిషికి రోజుకు ఒక గాలను, అంటే దాదాపు 3.8 లీటర్ల నీళ్ళు కావాలి. నలుగురికి మూడు రోజులకు 12 గాలన్లు, 45 కిలోల బరువు. అది సంచిలో పట్టదు, మంచం కింద పెట్టండి. సంచిలో తలా ఒక లీటరు సీసా చాలు. కుళాయి నీళ్ళు మరిగించుకు తాగమని హెచ్చరిక వచ్చి, మరిగించే దారి లేకపోతే బ్లీచు వాడొచ్చు. అది వాసన కలపనిదై ఉండాలి. సీసా మీద 6 శాతం అని ఉంటే గాలనుకు 8 చుక్కలు, 8.25 శాతమైతే 6 చుక్కలు వేసి, కలిపి, అరగంట ఆగండి. మడ్డినీళ్ళైతే ముందు గుడ్డలో వడకట్టి, చుక్కలు రెట్టింపు చేయండి. అరగంట తర్వాత నీళ్ళలో కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మళ్ళీ అన్ని చుక్కలే వేసి పావుగంట ఆగాలి. ఏడాది దాటిన బ్లీచు బలం తగ్గిపోతుంది, దాన్ని నమ్మకండి. చుక్కల గొట్టం కూడా సంచిలోనే ఉండాలి, మూతతో చుక్కలు లెక్కపెట్టలేం.

తిండికి బియ్యం, చోడిపిండి పనికిరావు, పొయ్యి లేనిదే అవి తిండి కావు. అటుకులు, బెల్లం, వేరుశెనగ ఉండలు, ఖర్జూరం పెట్టుకోండి. పలాస జీడిపప్పు తెచ్చుకుని ఉంటే అందులో గుప్పెడు ఇక్కడ దాచండి. అటుకులు చన్నీళ్ళలో తడిస్తే చాలు. వేరుశెనగలు ఆరు నెలలకు ముక్కిన వాసన వస్తాయి, తినేసి కొత్తవి పెట్టండి. డబ్బా తిండి పెడితే డబ్బా తెరిచే పరికరం మర్చిపోవద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చలికి ఇంట్లో బొగ్గుల పొయ్యి, క్యాంపు స్టవ్ వెలిగించకండి. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు మనకుంది, కానీ పెంకుటింటి సందుల్లోంచి గాలి ఆడేది. ఇక్కడి ఇళ్ళు చలి రాకుండా బిగించి కట్టినవి. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వస్తే, ముఖ్యంగా ఇంట్లో ఇద్దరికి ఒకేసారి వస్తే, ఆలోచించకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోను చేయండి. గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవడమూ ఇంతే ప్రమాదం, తలుపు తెరిచి ఉన్నా సరే. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం ఇంట్లో తప్పకుండా ఉండాలి.

సంచిలో పెట్టే రేకు దుప్పటి, అంటే వెండిలా మెరిసే పలచటి దుప్పటి, వేడి పుట్టించదు, ఒంటి వేడి పోకుండా ఆపుతుంది. ముందు ఉన్ని బట్టలు, వాటి మీద దుప్పటి. లోపల చెమ్మ పడితే కాసేపు తెరిచి ఆరనివ్వండి. తలకు కట్టుకునే లైటు పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బ్యాటరీలు అందులోనే ఉంచేస్తే కారిపోయి లోపలి స్ప్రింగులకు తెల్లటి పొడి పట్టి, కావలసిన రాత్రి వెలగదు. విడిగా కవరులో ఉంచండి. పవర్‌బ్యాంకు మూణ్ణెల్లకోసారి ఛార్జి చేయండి.

అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళ బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా వేరుగా ఉంచాలి. ఇండియా బ్రాండు పేరు ఇక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు, మందు అసలు పేరు, మిల్లీగ్రాములు కాగితం మీద రాయండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వచ్చిన పెద్దలకు రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) ఎక్కువుంటే, నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ ఇవ్వకండి, అది కిడ్నీకి చేటు. మన పారాసిటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు.

పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్ళు పంపే నోటీసు) నకళ్ళు జిప్ కవరులో పెట్టండి. ముఖ్యమైన ఫోను నంబర్లు కాగితం మీద ఉండాలి, ఫోను ఆరిపోతే మనకు ఒక్క నంబరూ గుర్తుండదు. కార్డు మిషన్లు పనిచేయవు కాబట్టి ఒకటి, అయిదు డాలర్ల నోట్లు కొన్ని పెట్టండి. ఊళ్ళో వాళ్ళకు ఫోను కలవకపోతే మెసేజి పంపండి, లైను రద్దీగా ఉన్నా అది వెళ్ళే అవకాశం ఎక్కువ.

సంచి గ్యారేజీలో వద్దు, అక్కడి ఎండకు, చలికి మందులు, బ్యాటరీలు పాడవుతాయి. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు దగ్గర పెట్టండి. మార్చిలో, నవంబరులో గడియారాలు మార్చే రోజున విప్పి, మాత్రల తేదీలు చూసి, పిల్లల బట్టలు ఇంకా సరిపోతున్నాయో లేదో కూడా చూడండి.